నిద్రమొకం అని నన్ను నేనే తిట్టుకున్న రోజులు

కొంచెం పెద్ద పోస్టు ఇది. నోటిఫికేషన్లు, స్కాలర్‌షిప్పులు, హాస్టల్ సమస్యలు రాసుకునే చోట వీడు గురక గురించి రాస్తాండాడేంది అనుకోవద్దు. చివరిదాకా చదివితే ఎందుకు రాసినానో మీకే తెలుస్తుంది.

మాది రాయచోటి దగ్గర ఒక తండా. 2019లో గ్రామ సచివాలయాలు వచ్చినప్పుడు ఎస్టీ కోటాలో నాకు ఉద్యోగం వచ్చింది. చేరిన రోజు నా బరువు 72 కిలోలు. నాలుగేండ్లు తిరిగేసరికి 104 అయింది. ఎత్తు మాత్రం అదే, 168 సెంటీమీటర్లు.

ఒకరోజు మండల మీటింగులో కూర్చున్నచోటే నిద్రపోయినాను. నిద్రపోవడమే కాదు, గురక కూడా పెట్టినానంట. పక్కాయన మోచేత్తో పొడిస్తే లేచినా. అందరూ నవ్వుతాండారు. ఒక పెద్దాయన, పేరు హోదా ఇక్కడ వద్దు, "వీళ్ళకు ఉద్యోగమిచ్చినా ఇంతేనబ్బా, కూర్చుంటే నిద్రే" అన్నాడు. ఆ "వీళ్ళకు" అనే మాట నాకు ఇప్పటికీ ముల్లు మాదిరి గుచ్చుకుంటాది. నేనొక్కణ్ణి కునుకు తీస్తే తండా మొత్తం పడుకున్నట్లు లెక్క.

అంతకంటే బాధ ఏందంటే, ఆయన మాట నేను కూడా నమ్మినాను.

ఎందుకు నమ్మనూ? గ్రూప్-2కు చదవాలని రాత్రి తొమ్మిదికి పుస్తకం తీస్తే రెండో పేజీకి తల వాలిపోయేది. మొకాన చన్నీళ్ళు కొట్టుకునేవాణ్ణి. రోజుకు ఏడెనిమిది టీలు, ప్రతి టీలో రెండు చెంచాల చక్కెర. రాత్రి ఎనిమిది గంటలు పడుకున్నా పొద్దున లేస్తే తల దిమ్ముగా, నోరు ఎండిపోయి, రాత్రంతా రాళ్ళు మోసినట్లు ఉండేది. నాతోపాటు చదువు మొదలుపెట్టిన తమ్ముడు మెయిన్స్ రాసినాడు. నేను ప్రిలిమ్స్ దాటలేదు. "నేను నిద్రమొకమోణ్ణి, నా వల్ల కాదు" అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను.

ఇంట్లో మాత్రం ఎవరికీ దిగుల్లేదు. మా యాడికి నన్ను చూస్తే సంతోషం. "ఉద్యోగం పట్టినాక నా కొడుకు ఒళ్ళు చేసినాడు" అని తండా అంతా చెప్పుకునేది. ఆమెను తప్పు పట్టలేను. మా జేజి కాలంలో కరువొస్తే అంబలి కూడా కొలిచి పోసేవాళ్ళంట. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినాకే మా ఇంట్లో రోజూ వరి బువ్వ చూసినారు. అట్లాంటి ఇంట్లో పొట్ట అంటే ఆకలి లేదని గుర్తు. సన్నగా ఉన్నోణ్ణి చూస్తే "పాపం, తిండి లేదేమో" అంటారు. లావుగా ఉన్నోణ్ణి చూసి "పాపం" అనే అలవాటే మనకు లేదు.

ఇంకో మాట. మన ముత్తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని వందల మైళ్ళు నడిచినోళ్ళు. మా నాయన చేన్లో శెనక్కాయ పీకినోడు. నేను పొద్దున పదికి కుర్చీలో కూర్చుంటే సాయంత్రం దాకా కంప్యూటరు ముందే. పళ్ళెంలో బువ్వ మాత్రం నాయన తిన్నంత, ఆయన చేసిన పని మాత్రం లేదు. సాయంత్రం బజ్జీలు, బొరుగులు. కడపకు పోతే గువ్వలచెరువులో ఆగి పాలకోవ తినకుండా ఒక్కసారి కూడా రాలేదు. 32 కిలోలు ఎక్కడినుంచి వచ్చినాయో దేవుణ్ణి అడగాల్సిన పని లేదు.

మొదట కనిపెట్టింది నా భార్య. పెండ్లయిన కొత్తలో గురకకు నవ్వేది. తర్వాత నవ్వడం మానేసింది. ఒకరోజు పొద్దున "నీకొకటి చూపిస్తా, భయపడొద్దు" అని ఫోన్ ఇచ్చింది. రాత్రి తీసిన వీడియో. నేను వెల్లకిలా పడుకొని ఉన్నా. గురక, గురక, గురక... ఉన్నట్టుండి నిశ్శబ్దం. పొట్ట, ఎద ఎగిరెగిరి పడతాండాయి గానీ ముక్కులోంచి, నోట్లోంచి గాలి లేదు. కింద సెకన్లు కనపడతాండాయి. పది, ఇరవై, ముప్పై. తర్వాత నీళ్ళలో మునిగినోడు పైకి తేలినట్లు ఒక్క పెద్ద ఎగశ్వాస. మళ్ళీ గురక.

"రాత్రంతా ఇట్లనే ఉంటాది. నేను నిద్రపోతే నువ్వు లేస్తావో లేవో అని నీ ఎద మీద చెయ్యేసి పడుకుంటాండా" అనింది. ఎన్నాళ్ళ నుంచి అంటే, "పాప పుట్టినప్పటినుంచి" అనింది. అంటే మూడేండ్లు. నేను నిద్ర చాలలేదని విసుక్కున్న ఆ మూడేండ్లూ ఆమె నిజంగానే నిద్రపోలేదు.

అయినా నేను ఆసుపత్రికి పోలేదు. సిగ్గు. గురకకు డాక్టరా అని.

పోయేటట్లు చేసింది గువ్వలచెరువు ఘాటు. అత్తగారింటినుంచి మధ్యాహ్నం బువ్వ తిని బండి మీద వస్తాండాం. ముందర నేను, మధ్యలో పాప, వెనకాల ఆమె. ఆ ఘాటులో మలుపులు, లారీలు మీకు చెప్పాల్సిన పని లేదు. మలుపు ఎప్పుడొచ్చిందో నాకు తెలీదు. ఆమె నా వీపు మీద గట్టిగా గుద్దింది. ఎదురుగా లారీ హారన్. బండి తెల్లగీత దాటి అవతల పక్కకు పోయి ఉంది. హ్యాండిల్ తిప్పుకొని ఓరన ఆపినాను. కాళ్ళు వణుకుతాండాయి. పాపకేం తెలుసు, "నాయనా, కోవా?" అనింది.

ఆ వారమే డాక్టరు దగ్గరికి పోయినాము.

అంతకుముందు ఒకచోట బీపీ 150/100 ఉందని మాత్రలు రాసిచ్చినారు. నిద్ర గురించి అక్కడ ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈ డాక్టరు మాత్రం ముందు వీడియో చూసినాడు. తర్వాత అడిగినాడు: రాత్రి ఒంటేలుకు ఎన్నిసార్లు లేస్తావు? పొద్దున తలనొప్పి ఉంటాదా? బస్సులో, మీటింగులో నిద్రొస్తాదా? అన్నిటికీ అవును. తర్వాత టైలరు మాదిరి టేపు తీసి నా మెడ కొలిచినాడు. 43 సెంటీమీటర్లు. "దీన్ని స్లీప్ అప్నియా అంటారు. నిద్రలో ఊపిరి ఆగిపోయే జబ్బు. నువ్వు సోమరివి కాదు, నీకు నిద్రే లేదు" అన్నాడు.

నిజం చెప్తాండా, ఆ మాటకు నాకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. జబ్బుందని చెప్తే ఏడ్చినోణ్ణి కాదు, సోమరివి కాదన్నందుకు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనట్లు మీకు చెప్తా. మన బోరు మోటరుకు నీళ్ళు పీల్చే పక్క గట్టి పైపు ఎందుకు పెడతాము? మెత్తటి పైపు పెడితే పీల్చినప్పుడు రెండు పక్కలూ అతుక్కొని నీళ్ళు రావు. మన గొంతు కూడా మెత్తటి పైపే, ఎముక లేదు. మెలకువగా ఉన్నప్పుడు కండరాలు దాన్ని తెరిచి పట్టుకొని ఉంటాయి. నిద్రలో అవి వదులవుతాయి. లావెక్కినోళ్ళకు మెడ చుట్టూ, గొంతు పక్కల, నాలుకలో కూడా కొవ్వు చేరుతుంది. నాలుకకు కొవ్వేందబ్బా అనుకున్నా నేను. ఉంటాదంట. పొట్ట కొవ్వు ఊపిరితిత్తులను పైకి నెట్టి గొంతును ఇంకా వదులు చేస్తుంది. సగం మూసుకుంటే గురక, మొత్తం మూసుకుంటే ఊపిరి ఆగుతుంది. పది సెకన్లకు తగ్గకుండా ఆగితే దాన్ని ఒక అప్నియాగా లెక్కేస్తారు. రక్తంలో ఆక్సిజన్ పడిపోయేసరికి మెదడు ఉలిక్కిపడి ఒక్క క్షణం లేపుతుంది. గొంతు తెరుచుకుంటుంది. మళ్ళీ నిద్ర, మళ్ళీ మూత. పొద్దున ఏమీ గుర్తుండదు. ఆ ఉలికిపాటు ప్రతిసారీ గుండెనూ బీపీనీ తన్ని లేపుతుంది.

తిరుపతిలో ఒక ఆసుపత్రిలో రాత్రంతా పడుకోబెట్టి నిద్ర పరీక్ష చేసినారు. తలకు, ఎదకు, కాళ్ళకు తీగలు, వేలికి క్లిప్పు. ఇట్ల కట్టేస్తే ఎవరికి నిద్ర పడుతుంది అనుకున్నా. పది నిమిషాల్లో గురక పెట్టినానంట. రిపోర్టులో గంటకు 46సార్లు అని వచ్చింది. గంటకు ఐదు లోపల ఉంటే మామూలు, 5 నుంచి 15 తక్కువ స్థాయి, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. నాది 46. ఆక్సిజన్ ఒక దశలో 74కు పడింది. కరోనా కాలంలో ఆక్సిజన్ 94 కంటే తగ్గితే ఎంత పరిగెత్తినామో గుర్తు తెచ్చుకోండి. నేను రోజూ రాత్రి ఇంట్లో మంచం మీదే అంతకంటే కిందికి పోయి వస్తాండా.

మందు ఏందంటే సీపాప్ అనే మిషన్. గాలిని కొంచెం ఒత్తిడితో ముక్కులోకి పంపి గొంతు మూసుకోకుండా పట్టుకుంటుంది. దీన్ని ఆస్ట్రేలియాలో కాలిన్ సల్లివన్ అనే డాక్టరు 1981లో ప్రపంచానికి చెప్పినాడు. నాకు పడిన ఖర్చు నలభై వేల దాకా. మా యాడి డ్వాక్రా సంఘంలో అప్పు తీసి ఇచ్చింది. "గురకకు నలభై వేలా" అని తండాలో రెండు నెలలు అదే ముచ్చట. పిల్లోళ్ళు కిటికీలోంచి చూసి "ఏనుగు తొండం" అని పరిగెత్తేవాళ్ళు. మొదటి వారం మాస్కు పీకి పారేసినా. తర్వాత అలవాటైంది. ఎనిమిదో రోజు పొద్దున లేచినప్పుడు తలనొప్పి లేదు. మబ్బు విడిచినట్లు ఉంది. నా భార్య ఇంకా నిద్రపోతాంది. మూడేండ్లలో నాకంటే వెనక ఆమె లేవడం అదే మొదలు.

కరెంటు పోతే మిషన్ ఆగిపోతుంది, అదొక్కటి మన తండాల్లో తిప్పలు. ఆ రాత్రుళ్ళు పక్కకు తిరిగి పడుకుంటా. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారి ఎక్కువ మూసుకుంటుంది.

ఇంక బరువు సంగతి. డాక్టరు చెప్పింది ఇది: మిషన్ ఆ రాత్రికే పని చేస్తుంది, కానీ తీసేస్తే జబ్బు అట్లనే ఉంటుంది. బరువు తగ్గితే జబ్బే తగ్గుతుంది. అమెరికాలో విస్కాన్సిన్ అనే చోట జనాన్ని ఏండ్ల తరబడి గమనించి 2000లో ఒక లెక్క చెప్పినారు. బరువు నూటికి పది పాళ్ళు తగ్గితే ఊపిరి ఆగడం సుమారు 26 శాతం తగ్గుతుంది, అదే పది పాళ్ళు పెరిగితే సుమారు 32 శాతం పెరుగుతుంది. ఎక్కడం సులువు, దిగడం కష్టం, మన ఘాటు మాదిరే. పైగా ఇది ఒక సుడి. నిద్ర లేకుంటే ఆకలి, తీపి మీద యావ పెరుగుతాయి. నడిచే ఓపిక ఉండదు. దాంతో బరువు పెరిగి నిద్ర ఇంకా చెడుతుంది. నాకు మిషన్‌తో ముందు నిద్ర వచ్చింది, ఆ తర్వాతే నడవడానికి కాళ్ళు లేచినాయి. నిద్రలేనోణ్ణి "పొద్దున ఐదుకు లేచి పరిగెత్తు" అంటే ఎట్ల పరిగెత్తుతాడు?

నేను చేసింది పెద్ద విద్య కాదు. టీలు రెండుకు తగ్గించి చక్కెర తీసేసినా. బజ్జీలు, కూల్‌డ్రింకులు బంద్. బువ్వ సగం చేసి ఆ చోట్లో ఉలవలు, పెసలు, ఆకుకూర, రెండు గుడ్లు పెట్టినా. సంగటి తింటే సన్నగా అవుతామని నేను కూడా పెద్ద పెద్ద ముద్దలు తిన్నా. డాక్టరు నవ్వి, "రాగి మంచిదే, కానీ ముద్ద ముద్దే, కొలత చూసుకో" అన్నాడు. సచివాలయానికి మూడు కిలోమీటర్లు నడిచి పోవడం మొదలుపెట్టినా. పాలకోవ పూర్తిగా మానలేదు. నెలకు ఒకసారి, అది కూడా పాప చేతిలోది కొంచెం.

పద్నాలుగు నెలలకు 104 నుంచి 91కి వచ్చినా. మళ్ళీ తిరుపతిలో పరీక్ష. మనసులో మిషన్ ఎవరికి అమ్మాలో కూడా అనుకొని పోయినా. గంటకు 29 అని వచ్చింది. 46 నుంచి 29. డాక్టరు శభాష్ అన్నాడు, నాకు మాత్రం ఏడుపొచ్చింది. అంత చేస్తే ఇంతేనా? "తీవ్రం నుంచి మధ్యస్థానికి దిగినావు. బీపీ మాత్ర ఒకటి తగ్గించినాము. ఇంకా దిగు. అంతవరకు మిషన్ వదలొద్దు" అన్నాడు. కాబట్టి "బరువు తగ్గినా, జబ్బు మాయం" అనే కథ ఇది కాదు. కొందరికి పూర్తిగా పోతుంది, కొందరికి తగ్గుతుంది. సగం గెలిచినోడి కథ చెప్తాండా.

మనోళ్ళు ఇద్దరు ముగ్గురు ఇంజెక్షన్ గురించి అడిగినారు. టిర్జెపటైడ్ అనే మందు. ఊబకాయంతోపాటు మధ్యస్థ, తీవ్ర స్లీప్ అప్నియా ఉన్న పెద్దోళ్ళకు వాడొచ్చని అమెరికా ఎఫ్‌డీఏ 2024 డిసెంబరులో ఒప్పుకుంది. దానికి ముందు ఏడాదిపాటు చేసిన ట్రయల్స్‌లో ఊపిరి ఆగడం గంటకు సుమారు 25 నుంచి 29 సార్లు తగ్గింది. మందు లేని ఇంజెక్షన్ తీసుకున్నోళ్ళకు తగ్గింది ఐదు సార్ల వరకే. మన దేశంలో 2025 మార్చిలో మౌంజారో పేరుతో వచ్చింది. వచ్చినప్పుడు వారానికి వేసే చిన్న డోసు ధరే 3,500 రూపాయలు. అంటే నెలకు పద్నాలుగు వేలు. ఆపేస్తే బరువు చాలామందికి తిరిగొస్తుంది. మంచి మందే, కానీ డాక్టరు చూడకుండా ఎవరో చెప్పినారని మెడికల్ షాపులో కొనుక్కొని వేసుకునేది కాదు.

ఇప్పుడు మా మామ సంగతి. యాడి తమ్ముడు, లారీ డ్రైవరు. లావాటి మనిషి. ఆయన గురక పెడితే మూడిండ్ల అవతలికి వినపడేది. లారీలో ఎప్పుడూ గ్యాంగ్ లీడర్ పాటలే. బప్పీ లహరి సంగీతమంటే పిచ్చి, స్టీరింగు మీద దరువేసేవాడు. 2014లో ఒక రాత్రి బువ్వ తిని పడుకున్నోడు పొద్దున లేవలేదు. యాభై కూడా నిండలేదు. "నిద్రలోనే పోయినాడు, పుణ్యాత్ముడు, నొప్పి తెలీకుండా" అన్నారందరూ. నేనూ అదే అనుకున్నా.

2022 ఫిబ్రవరి 15, సేవాలాల్ జయంతి రోజు రాత్రి బప్పీ లహరి ముంబయిలో చనిపోయినాడు. మర్నాడు వార్తల్లో, ఆయనకు ఆరోగ్య సమస్యలు చాలా ఉండేవని, అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ అప్నియా వల్ల చనిపోయినాడని ఆసుపత్రి డాక్టరు చెప్పినాడు. ఆ రోజు ఆ పేరు చదివి దాటేసినా. మామ గుర్తొచ్చినాడు గానీ పాటల వల్ల గుర్తొచ్చినాడు. నా రిపోర్టు చేతికొచ్చిన రోజు మళ్ళీ గుర్తొచ్చినాడు. మామకు ఇదే ఉండిందని నేను చెప్పలేను, పరీక్ష చేసినోళ్ళు లేరు. కానీ నిద్రలో పోయిన ప్రతి మనిషినీ పుణ్యాత్ముడని మనం పంపించేస్తాండాం. ఎందుకు పోయినాడని అడగలేదు. ఆ అడగకపోవడం గురించే ఈ పోస్టు.

టొరంటో డాక్టర్లు తయారు చేసిన ఎనిమిది ప్రశ్నలు ఉన్నాయి. ఇంట్లోనే అడగొచ్చు. తలుపు అవతలికి వినపడేంత గురక ఉందా? పగలు అలసట, నిద్రమత్తు ఉన్నాయా? నిద్రలో ఊపిరి ఆగడం ఎవరైనా చూసినారా? బీపీ ఉందా? బీఎమ్ఐ, అంటే బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె, 35 దాటిందా? వయసు 50 దాటిందా? మెడ 40 సెంటీమీటర్లు దాటిందా? మగమనిషా? మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ అవును అయితే డాక్టరుకు చూపించాల. నాకు ఎనిమిదిలో ఏడు వచ్చినాయి, వయసొక్కటే మిగిలింది. ఆడోళ్ళకు రాదని కాదు, వస్తుంది. వాళ్ళ గురక గురించి ఇంట్లో ఎవరూ మాట్లాడరు, అంతే తేడా. సన్నగా ఉన్నోళ్ళకు కూడా చిన్న దవడ వల్ల, పెద్ద టాన్సిల్స్ వల్ల రావచ్చు. సారా గానీ, నిద్రమాత్రలు గానీ వేసుకొని పడుకుంటే గొంతు ఇంకా వదులవుతుంది, వాటి జోలికి పోవద్దు. కడప రిమ్స్ లాంటి గవర్నమెంటు ఆసుపత్రిలో ఈఎన్‌టీ, ఛాతీ విభాగాల ఓపీలు ఉంటాయి, అక్కడ మొదలుపెట్టండి. పోయేటప్పుడు రాత్రి తీసిన వీడియో తీసుకొని పోండి. నా విషయంలో నేను చెప్పిన మాటల కంటే అదే ఎక్కువ చెప్పింది.

ముఖ్యంగా డ్రైవింగు చేసే అన్నలు, కువైట్‌లో ఇంటి డ్రైవర్లుగా ఉన్నోళ్ళు, రాత్రి బెంగళూరు, చెన్నై ట్రిప్పులు కొట్టేవాళ్ళు. మీ నిద్రమత్తును టీతో, గుట్కాతో అణచొద్దు. మీ వెనక సీట్లో ఎవరి పాపో ఉంటాది.

హాస్టల్లో ఉన్న తమ్ముళ్ళకు ఒక మాట. మీ రూములో లావాటి పిల్లోడు ఉంటాడు, పుస్తకం పట్టుకుంటే నిద్రపోతాడు, రాత్రి గురక పెడతాడు. వాడికి మీరు పేర్లు పెట్టి ఉంటారు. నాకూ పెట్టినారు. బయటోళ్ళు మనల్ని సోమరులంటే రోషపడతాం, మన రూములో ఉన్నోణ్ణి మనమే ఆ మాట అంటాం. ఈ రాత్రి వాడు పడుకున్నాక ఒక్క పది నిమిషాలు చెవి పెట్టి వినండి. గురక ఉన్నట్టుండి ఆగితే నవ్వకుండా సెకన్లు లెక్కపెట్టండి. పొద్దున వాడికి చెప్పండి.

మొన్న మళ్ళీ ఘాటు మీదుగా వచ్చినాము. బస్సులో. నా భార్య కిటికీకి తల ఆనిచ్చి నిద్రపోయింది, పాప నా ఒళ్ళో. గువ్వలచెరువులో బస్సు ఆగినా ఇద్దరూ లేవలేదు. నేను లేపలేదు. ఆమెకు నేను బాకీ ఉన్న నిద్ర చాలానే ఉంది.

జై సేవాలాల్.